ఇద్దరం అల్లిన కథకు అట్ట మీద ఒక్క పేరేనా?

గౌతమి_గట్టు

మూడేళ్ళుగా నేనూ మా తోటికోడలూ కలిసి ఒక ఫాంటసీ నవల రాస్తున్నాం. జానపద కథల తరహా అనుకోండి. కానీ రాజకుమారులూ మాంత్రికులూ ఉండరు. పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) నడిపే సరంగులు, లాకుల దగ్గర కాపలావాళ్ళు, ఏటిగట్టు మీద బతికే మనుషులు ఉంటారు. మొదటి భాగం పూర్తయింది. డిటిపి చేయిస్తే 340 పేజీలు తేలింది. సొంతంగా అచ్చు వేసుకోవడానికి ఇద్దరం చీటీ కట్టి డబ్బు దాచాం. చిక్కు డబ్బు దగ్గర కాదు. అక్క (నాకన్నా పెద్ద కోడలు, అక్క అనే పిలుస్తాను) అట్ట మీద తన పేరు వద్దంటోంది. "రాసింది నువ్వు, నీ పేరే వేసుకో" అంటోంది.

రాసింది నేనే, నిజమే. కానీ ఆ లోకం మొత్తం ఆవిడది. తుఫానుకి కరెంటు పోయిన రాత్రుల్లో ఇంట్లో పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని ఆవిడ చెప్పిన కథలతో ఇదంతా మొదలైంది. గోదావరి ఏడు పాయలూ ఏడుగురు అక్కచెల్లెళ్ళు, ధవళేశ్వరం దాటాక చేతులు విడిపించుకుని తలో దారీ పట్టారు. వైనతేయ పాయ పిలవకుండా వచ్చిన ఎనిమిదో చెల్లెలు. పోటు మీద (సముద్రం నీళ్ళు ఎక్కేటప్పుడు) ఇచ్చిన మాట పాటు తీసేసరికి (నీళ్ళు దిగేసరికి) చెల్లకుండా పోతుంది. ఇవన్నీ ఆవిడ నోటి నుంచి వచ్చినవే. వంట చేస్తూ చెప్పేది, నేను ఫోన్లో రికార్డు చేసుకుని రాత్రి కూర్చుని రాసేదాన్ని. మర్నాడు చదివి వినిపిస్తే "ఈ మాట సరంగు అనడు, కొట్టెయ్" అనేది. కొట్టేసేదాన్ని. ఆవిడ చెప్పిందే సరిగ్గా ఉండేది.

ఇంకో చిక్కు. రెండో భాగంలో సరంగు తాత చనిపోవాలి. కథ అక్కడికే నడుస్తోంది. అవతలి ఒడ్డున, వరదలో, ఒంటరిగా పోయినట్టు ఒక అధ్యాయం రాశాను. చదివి వినిపిస్తే అక్క మధ్యలోనే లేచి వెళ్ళిపోయింది. నాలుగు నెలలైంది. ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఒకే పొయ్యి దగ్గర నిలబడుతున్నాం, కథ మాట మాత్రం ఎత్తడం లేదు.

కలిసి రాసినవాళ్ళు ఉంటే చెప్పండి. పేరు సంగతి ఏం చేశారు? ఇలా ఆగిపోయినప్పుడు మళ్ళీ ఎలా మొదలుపెట్టారు?

కొబ్బరాకు

ఆవిడ వద్దంటే వద్దనే. బలవంతంగా పేరు వేయడం కూడా మర్యాద కాదు. లోపల కృతజ్ఞతల్లో నాలుగు మంచి మాటలు రాయండి, సరిపోతుంది.

రాజోలు_దారి

సరిపోదు. కృతజ్ఞతలు అట్ట బొమ్మ వేసినవాళ్ళకీ, ప్రూఫులు దిద్దినవాళ్ళకీ చెప్పుకునేవి. లోకాన్నే కట్టి ఇచ్చిన మనిషిని తీసుకెళ్ళి ఆ వరసలో నిలబెడతారా? మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేసిన ప్రతి పనికీ "నాదేముంది" అనడం అలవాటు. వద్దన్న మాటని వెంటనే నమ్మేయకండి. అది వినయమో, ఇంకేదైనా బాధో ముందు తెలుసుకోండి.

పాత_పెట్టె

జంటగా రాయడం మన డెల్టాకి కొత్త కాదు. తిరుపతి వెంకట కవులు ఇద్దరూ ఇక్కడివాళ్ళే. దివాకర్ల తిరుపతిశాస్త్రి గారిది భీమవరం దగ్గర యండగండి, చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారు పుట్టింది కడియంలో. ఏ పద్యం ఎవరిదని అడిగితే చెప్పలేనంతగా కలిసి రాశారు. తిరుపతిశాస్త్రి గారు 1920లో పోయారు. వెంకటశాస్త్రి గారు 1950 దాకా ఉన్నారు. ఆ ముప్ఫై ఏళ్ళలో తను ఒక్కరే రాసినవి కూడా జంట పేరుతోనే వేసుకున్నారు.

ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు కళ్ళు చెమరుస్తాయి. పక్కన మనిషి లేడు. వద్దనేవాళ్ళూ లేరు, కావాలని అడిగేవాళ్ళూ లేరు. అయినా ఆ పేరు తీయలేదు. గౌతమి_గట్టు గారూ, మీ పక్కన మనిషి ఉంది కదా. పేరు వేయండి.

కొబ్బరాకు

పాత_పెట్టె గారు చెప్పింది బాగుంది. కానీ వాళ్ళిద్దరూ పద్యాలు కట్టినవాళ్ళు. ఇక్కడ ఒకరు చెప్పారు, ఒకరు రాశారు. రెండూ ఒకటెలా అవుతాయి?

కోర్టు_మెట్లు

కొబ్బరాకు గారి ప్రశ్న చట్టంలో కూడా ఉంది. అమలాపురంలో ప్రాక్టీసు చేస్తాను, నాకు తెలిసింది రాస్తాను.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉమ్మడి రచన అంటే ఇద్దరు కలిసి చేసి, ఒకరి పని మరొకరి పని నుంచి విడదీయలేనంతగా కలిసిపోయినది. ఉత్త ఆలోచనకీ ఇతివృత్తానికీ కాపీరైట్ లేదు. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. కాబట్టి "ఏడు పాయలు ఏడుగురు అక్కచెల్లెళ్ళు" అన్న ఊహ చెప్పినంత మాత్రాన ఎవరూ రచయిత అయిపోరు. కానీ మీ అక్క చేసింది అంతే కాదు. ఆవిడ మాటలు రికార్డింగుల్లో ఉన్నాయి. సంభాషణలు దిద్దింది, వాక్యాలు కొట్టేయించింది. ఆ మాటలు మీ పేజీల్లోకి అలాగే వచ్చి ఉంటే ఆవిడ సహరచయిత అనడానికి గట్టి ఆధారం ఉన్నట్టే. ఆ రికార్డింగులు చెరపకండి.

ఉమ్మడి రచన అయితే ఇద్దరి సమ్మతీ లేకుండా ఒక్కరే ఎవరికీ హక్కులు ఇచ్చేయకూడదు. రేపు సినిమావాళ్ళో వెబ్ సిరీస్‌వాళ్ళో అడిగితే ఇద్దరూ సంతకం పెట్టాలి. హక్కు ఎన్నాళ్ళంటే, ఇద్దరిలో చివరగా పోయినవాళ్ళ తర్వాత ఇంకో 60 ఏళ్ళు. అంటే మీ ఇద్దరి పిల్లలకీ, మనవలకీ వెళ్ళే ఆస్తి ఇది. పొలం గట్టు గురించి కాగితాలు రాసుకుంటాం కదా, దీనికీ రాసుకోండి. ఎవరి వాటా ఎంత, రెండో భాగం ఒకరే రాస్తే ఏమిటి, ఆ లోకంలో వేరే కథలు ఎవరైనా రాసుకోవచ్చా అన్నవి ఒక పేజీలో తేల్చి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. హక్కులు రాసివ్వడం నోటిమాటగా చెల్లదు. రాసిచ్చేటప్పుడు కాలం పేర్కొనకపోతే 5 ఏళ్ళకే, ప్రాంతం పేర్కొనకపోతే మన దేశం వరకే అని చట్టం అనుకుంటుంది.

గౌతమి_గట్టు

కోర్టు_మెట్లు గారూ, రికార్డింగులన్నీ ఉన్నాయి, రెండు వందల పైనే. కుక్కర్ కూతలూ పిల్లల అల్లరీ అన్నీ అందులోనే. చాలాచోట్ల ఆవిడ మాట ఆవిడ అన్నట్టే ఉంచాను. కానీ అక్కతో కాగితం అంటే మనసు ఒప్పడం లేదు. నన్ను నమ్మడం లేదా అనుకుంటుందేమో.

రాజోలు_దారి

ఆ కాగితం ఆవిడ కోసం కదా. రేపు మీరే హక్కు లాగేసుకోకుండా ఆవిడకి రక్షణ. అలా చెప్పండి.

ఓడలరేవు_కెరటం

సముద్రం మొగ దగ్గర పుట్టి పెరిగాను కాబట్టి ఒక్క మాట. పోటు మీద ఇచ్చిన మాట పాటు తీసేసరికి చెల్లదు అన్నారు, ప్రాణం లేచొచ్చింది చదివి. కానీ నవల్లో పోటు రోజూ ఒకే వేళకి వస్తున్నట్టు రాసి ఉంటే దిద్దుకోండి. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఇవాళ వచ్చిన పోటు రేపు ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు బాగా ఎక్కుతుంది, అష్టమి రోజుల్లో నీరసంగా ఉంటుంది. అంటే అష్టమినాడు ఇచ్చిన మాట అటూ ఇటూ కాకుండా వేలాడాలి. అమావాస్యనాడు ఇచ్చిన మాట గట్టిగా ఉండి గట్టిగా విరగాలి. వేటకి వెళ్ళేవాళ్ళు చదివితే ఇదే చూస్తారు.

గౌతమి_గట్టు

అమ్మో, మూడో అధ్యాయంలో మూడు రోజులు వరసగా సంధ్య వేళకే పోటు వచ్చింది! ఇప్పుడే గుర్తు పెట్టుకున్నాను. అష్టమి మాట మాత్రం అక్కకి చెప్పాలి, మాట్లాడుకోవడానికి ఒక సాకు దొరికింది.

వరి_చేను

వరదకీ మంత్రానికీ లంకె పెట్టారా? ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. చిన్నప్పుడు రేడియోలో ఈ అంకెలు వింటుంటే మా నాయనమ్మ ఒక్కో అంకెకీ ఒక్కో సామాను అటక ఎక్కించేది. మూడో హెచ్చరికకి నన్నూ ఎక్కించేది.

గౌతమి_గట్టు

మా కథలో రేవు మెట్ల మీద మూడు గీతలున్నాయి. ఏ గీత మునిగితే ఏ చెల్లెలు మేలుకుంటుందో అక్క ఎప్పుడో చెప్పేసింది. మీ నాయనమ్మ సంగతి వింటే చాలా సంతోషిస్తుంది.

యానాం_వంతెన

మేం అన్నాచెల్లెళ్ళం కలిసి రెండు నవలలు రాసి సొంతంగా వేసుకున్నాం. మూడోది నడుస్తోంది. మొదట ఒక అధ్యాయం అన్నయ్య, ఒక అధ్యాయం నేను అని పంచుకున్నాం. అది పెద్ద తప్పని తర్వాత తెలిసింది. చదివినవాళ్ళు ఎక్కడ చేయి మారిందో చెప్పేశారు. అన్నయ్య వాక్యం పొడుగ్గా సాగుతుంది, నాది తుంపులు తుంపులుగా ఉంటుంది. పైగా అన్నయ్య వైజాగులో ఉండి ఉండి "వచ్చేత్తాడు" అనే మనిషి చేత "వచ్చేస్తాడు" అనిపించాడు.

ఇప్పుడు పద్ధతి వేరు. ఒకరు చిత్తుప్రతి మొత్తం రాస్తారు, రెండోవారు మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా తిరగరాస్తారు. మళ్ళీ మొదటివారికి వెళ్తుంది. మూడు తడవలయ్యాక ఏది ఎవరిదో మాకే గుర్తుండదు. గూగుల్ డాక్స్‌లో నేరుగా చెరపకుండా సూచనగా మార్చే వీలుంది, అది వాడండి. దిద్దినది ఎదుటివారికి కనిపిస్తుంది, ఒప్పుకుంటే ఉంటుంది, లేకపోతే పోతుంది.

ఇంకొకటి, లోకం లెక్కల కోసం ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఎవరి వయసెంత, ఏ ఊరు ఏ ఒడ్డున, ఏ మంత్రానికి ఏం ఖర్చవుతుంది, ఎవరికి ఎవరు ఏమవుతారు. మా మొదటి పుస్తకంలో ఒక మనిషి సాయంత్రం ఎడమ ఒడ్డున పడుకుని పొద్దున్న కుడి ఒడ్డున లేచాడు, పంటు ఎక్కకుండానే. అచ్చయ్యాక ఒక పాఠకురాలు ఉత్తరం రాసి అడిగారు. ఫాంటసీలో మంత్రం ఉండొచ్చు కానీ దానికీ ఒక లెక్క ఉండాలి. మనమే పెట్టిన లెక్కని మనమే తప్పితే చదివేవాళ్ళకి నమ్మకం పోతుంది.

పేరు సంగతా? అక్షరక్రమంలో వేసుకున్నాం, గొడవే లేదు.

భీమారం_కాలవ

నాది చేదు అనుభవం, చెప్పకుండా ఉండలేకపోతున్నాను. కాలేజీ స్నేహితుడితో కలిసి మూడు భాగాల నవల మొదలుపెట్టాం. కొల్లేరు అడుగున మునిగిన నగరం అన్న ఊహ వాడిది, మనుషులు నా వాళ్ళు. ఆరేళ్ళు రాశాం. భీమవరం టీ కొట్లో కూర్చుని ఎన్ని సాయంత్రాలు గడిపామో. తర్వాత వాడు ఉద్యోగానికి గల్ఫ్ వెళ్ళాడు. అచ్చు వేద్దామంటే "నేను వచ్చాక" అన్నాడు. రెండేళ్ళు ఆగాను. మళ్ళీ అడిగితే "నా ఊహ లేకుండా నీకేముంది" అన్నాడు. నేనూ ఊరుకోలేదు, అనకూడనిది అన్నాను.

కాగితం లేదు. ఎవరికెంతో అనుకోలేదు. నేను ఒక్కడినే వేసుకుంటే దొంగతనంలా ఉంటుంది, వాడు వేసుకున్నా అంతే. ఇప్పుడు ఆ ఫైలు నా దగ్గరా ఉంది, వాడి దగ్గరా ఉంది, ఎవరం తెరవం. పోయిన స్నేహం కంటే ఆ నగరంలో ఉన్న మనుషులు ఎక్కువ గుర్తొస్తారు. వాళ్ళకి మేం తప్ప ఎవరూ లేరు.

కాగితం రాసుకుంటే నమ్మకం లేనట్టు అనుకుంటుందేమో అన్నారు. ఇద్దరూ నవ్వుతూ మాట్లాడుకుంటున్న రోజుల్లోనే రాసుకోవాలండీ. తర్వాత అడగడానికి నోరు రాదు.

కొబ్బరాకు

భీమారం_కాలవ గారూ, ఒకసారి వాడికి ఫోన్ చేయండి.

డెల్టా_డిటిపి

పేరు గొడవ పెద్దలు చూసుకుంటారు, నేను అచ్చు మాట చెప్తాను. పాలకొల్లులో ఇరవై ఏళ్ళుగా ఇదే పని.

340 పేజీలు అన్నారు. ముందు పేజీలు కలిపేనా? డెమ్మీ 1/8 సైజులో ఫారానికి (అచ్చులో ఒకేసారి ఎక్కే పేజీల కట్ట) 16 పేజీలు. 21 ఫారాలకి 336 వస్తాయి. 340 అంటే నాలుగు పేజీల కోసం ఇంకో ఫారం ఎక్కించాలి, 12 పేజీలు తెల్లగా పోతాయి. ఎక్కడైనా నాలుగు పేజీలు తగ్గించి 336కి తెండి. అధ్యాయం చివర రెండు మూడు లైన్లు కొత్త పేజీలోకి దొర్లిన చోట్లు వెతికితే అక్కడే దొరుకుతాయి.

ఏ ఫాంట్లో కొట్టించారు? 'అను' అనే పాత డిటిపి ఫాంట్లలో అయితే అచ్చుకి ఫరవాలేదు కానీ రేపు ఈబుక్ చేయాలన్నా, ఆన్‌లైన్‌లో సీరియల్‌గా పెట్టాలన్నా యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చినప్పుడు ఒత్తులు చెదురుతాయి, మళ్ళీ మొత్తం ప్రూఫులు చూడాలి. మొదటే యూనికోడ్‌లో ఉంటే ఈ బాధ లేదు. మండలి, రామరాజ, సూరన్న, గిడుగు లాంటివి ఉచితంగా దొరుకుతాయి, అచ్చుకి వాడుకోవడానికి అనుమతి కూడా ఉంది. పుస్తకం లోపలికి మండలి కంటికి హాయిగా ఉంటుంది, శీర్షికలకి రామరాజ చూడండి.

ఎన్ని కాపీలు? మూడు నాలుగు వందల్లోపైతే డిజిటల్, వెయ్యికి వెళ్తే ఆఫ్‌సెట్ కలిసొస్తుంది. మొదటి పుస్తకానికి వెయ్యి వేసి మంచాల కింద పెట్టుకున్నవాళ్ళని చాలామందిని చూశాను. చెదలు కూడా సాహిత్యాభిమానులే మన వైపు. తక్కువ వేయండి, అయిపోతే మళ్ళీ వేయండి. కొట్లవాళ్ళు మూడో వంతు నుంచి సగం దాకా కమీషన్ అడుగుతారు, వెల పెట్టేటప్పుడు అది గుర్తుంచుకోండి.

రాజోలు_దారి

ప్యాకేజీల జోలికి మాత్రం వెళ్ళకండి. మా చెల్లి పిల్లల నవలకి ఒక సంస్థ "మేమే అన్నీ చూసుకుంటాం" అని వేలకి వేలు తీసుకుంది. అందులో ఐఎస్‌బిఎన్‌కి (పుస్తకం గుర్తింపు నంబరు) అని విడిగా ఒక మొత్తం. అక్షరదోషాలు అలాగే ఉన్నాయి, వెనక అట్ట మీద చెల్లి పేరే తప్పు పడింది. అడిగితే "మీరు ఓకే చేశారు కదా" అన్నారు. చెల్లి ఆ పుస్తకాన్ని ఎవరికీ చూపించదు ఇప్పుడు. పదకొండేళ్ళ వయసు నుంచి రాసుకున్న కథ.

కోర్టు_మెట్లు

ఐఎస్‌బిఎన్ మన దేశంలో ఉచితం. రాజా రామ్‌మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది, ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు, రచయిత తనే ప్రచురించుకుంటున్నా ఇస్తారు. అచ్చు పుస్తకానికి ఒక నంబరు, ఈబుక్‌కి వేరే నంబరు. కాపీరైట్ నమోదు తప్పనిసరి కాదు, కావాలంటే సాహిత్య రచనకి 500 రూపాయల రుసుము. అచ్చయిన 30 రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకీ, చెన్నై కన్నెమరాకీ, ముంబయి సెంట్రల్ లైబ్రరీకీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకీ తలో కాపీ సొంత ఖర్చుతో పంపాలి. 1954 చట్టం అది. చాలామంది పంపరు. మీరు పంపండి, మన తర్వాత కూడా పుస్తకం ఒక చోట భద్రంగా ఉంటుంది.

లంక_మామిడి

అందరూ కాగితాలూ ఫారాలూ అంటున్నారు. సరంగు తాత సంగతి ఎవరూ చెప్పరేం? కథ చంపమంటే చంపాల్సిందే. ఇద్దరు రచయితల్లో ఒకరు జాలిపడి కాపాడితే ఆ జాలి పేజీలో కనిపిస్తుంది, చదివేవాళ్ళకి రుచించదు.

యానాం_వంతెన

నేను ఒప్పుకోను. మా ఇద్దరికీ ఒక నియమం ఉంది. ఎవరికైనా ఒక పాత్ర మీద ప్రాణం ఉంటే రెండోవారు ఆ పాత్రని వారి అనుమతి లేకుండా చంపకూడదు. కథ చంపమంటోంది అనేది చాలాసార్లు మనకి వేరే దారి తోచకపోవడమే.

వరి_చేను

వరదలో కొట్టుకుపోయి రెండు లంకల అవతల తేలినట్టు పెడితే? మా మేనమామ గేదె అలాగే తేలింది. ఊరంతా ఏడ్చాక మూడో రోజు నడిచొచ్చింది.

మూడోతరం_అత్తగారు

అందరివీ చదివాను. తల్లీ గౌతమి_గట్టు, ఒక్క సంగతి అడుగుతాను. నాలుగు నెలలు మాట్లాడుకోలేదన్నావు. మధ్యలో లేచి వెళ్ళిపోయింది అన్నావు. ఎందుకు లేచింది అని అడిగావా? కథ నచ్చక లేచినవాళ్ళు పోట్లాడతారు. ఏడుపు వచ్చి లేచినవాళ్ళే మాట్లాడరు. మీ అక్క పుట్టిల్లు ఎక్కడ? ఆ కథలు ఆవిడకి ఎవరు చెప్పారు? మూడేళ్ళు పక్కన కూర్చుని రాసుకున్నావు కదా, ఇది ఎప్పుడైనా అడిగావా?

గౌతమి_గట్టు

పుట్టిల్లు కోటిపల్లి వైపు. మాది ముక్తేశ్వరం వైపు. వాళ్ళ నాన్నగారు రేవులో పనిచేసేవారని తెలుసు. నేను పెళ్ళయి వచ్చేసరికే ఆయన లేరు.

కథలు ఎవరు చెప్పారని అడగలేదండీ. ఆవిడే అల్లుతోంది అనుకున్నాను.

మూడోతరం_అత్తగారు

అడుగు.

రాజమండ్రి_మెట్టవీధి

ఈలోగా పేరు గురించి ఒక మాట. పాత_పెట్టె గారు జంటకవుల్ని చెప్పారు. ఇంకో దారి కూడా మనకి ఉంది. నన్నయ ఇక్కడే రాజమహేంద్రవరంలో భారతం మొదలుపెట్టినప్పుడు నారాయణభట్టు తోడున్నాడు. భారత యుద్ధంలో అర్జునుడికి కృష్ణుడు సాయపడినట్టు తనకి సాయపడ్డాడని నన్నయ అవతారికలోనే చెప్పుకున్నాడు. కావ్యం నన్నయదే. కానీ దాదాపు వెయ్యేళ్ళుగా భారతం తెరిచిన ప్రతివాళ్ళూ నారాయణభట్టు పేరు చదువుతున్నారు. ఆవిడ నిజంగానే అట్ట మీద వద్దనుకుంటే, మొదటి పేజీలో అలాంటి వాక్యం ఒకటి రాయండి. చివరి పేజీ కృతజ్ఞతల్లో వద్దు.

రాజోలు_దారి

బాగా చెప్పారు కానీ నాకింకా జంట పేరే ఇష్టం. కృష్ణుడు రథం తోలాడు నిజమే, కానీ యుద్ధం గెలిపించింది ఎవరో అందరికీ తెలుసు కదా.

పాత_పెట్టె

రాజోలు_దారి గారికే నా ఓటు.

గౌతమి_గట్టు

నాలుగు రోజులు ఇటు రాలేకపోయాను. అక్కతో మాట్లాడాను. ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను, ఇక్కడ రాయడానికి ఒప్పుకున్నాకే రాస్తున్నాను.

అష్టమి పోటు సంగతితో మొదలుపెట్టాను. ఓడలరేవు_కెరటం గారు చెప్పింది చెప్పగానే "నాన్న కూడా అదే అనేవాడు" అంది. ఏ నాన్న అన్నాను. అప్పుడు చెప్పింది. వాళ్ళ నాన్నగారు కోటిపల్లి రేవులో పంటు మీద సరంగు. స్కూలు లేని రోజుల్లో కూతుర్ని పంటు మీద కూర్చోబెట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ ఈ కథలు చెప్పేవారట. ఏడుగురు అక్కచెల్లెళ్ళూ, రేవు మెట్ల మీద మూడు గీతలూ అన్నీ ఆయనవే. ఎనిమిదో చెల్లెలు మాత్రం అక్కది. ఆవిడ పెళ్ళయి ఇవతలి ఒడ్డుకి వచ్చాక కట్టుకున్న కథ. పిలవని చోటికి వచ్చిన చెల్లెలు ఎవరో నాకు ఇప్పుడు అర్థమైంది.

ఆయన పోయింది వరద రోజుల్లో. పంటు ఆపేశారు. కబురు తెలిసి యానాం వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఇవతలి గట్టు మీద నిలబడితే అవతలి రేవు కనిపిస్తూనే ఉందట, దాటడానికి మాత్రం లేదు. నేను ఏమీ తెలియకుండా సరంగు తాత అవతలి ఒడ్డున వరదలో ఒంటరిగా పోయినట్టు రాశాను, పొయ్యి దగ్గర నిలబెట్టి గట్టిగా చదివి వినిపించాను. ఆ రోజు ఆవిడ పప్పు పోపు మాడిపోయింది, నేను దాని గురించి విసుక్కున్నాను కూడా. మూడేళ్ళలో ఒక్కసారి అడగలేదు. అత్తగారూ, మీరు అడగమన్న మాట నేను మొదటి రోజే అడగాల్సింది.

పేరు వద్దనడానికి కారణం కూడా ఇదే. ఇద్దరం ఒకే ఇంటి కోడళ్ళం కాబట్టి ఇద్దరి పేర్ల ముందూ ఒకే ఇంటిపేరు పడుతుంది. నాన్న కథల మీద నాన్న ఇంటిపేరు లేకుండా తన పేరు ఎలా వేసుకోవాలో తెలియక వద్దందట. అడగడానికి మొహమాటం. పుట్టింటి ఇంటిపేరుతో వేద్దాం అక్కా అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లోపలికి వెళ్ళి ఆ ఇంటిపేరుతో ఉన్న తన పదో తరగతి సర్టిఫికెట్ తెచ్చి, అక్షరాలు ఇలాగే ఉండాలి అని చూపించింది.

సరంగు తాత పోతాడు. ఆ అధ్యాయం అక్క తనే రాస్తానంది. రూళ్ళ కాగితాల మీద చేత్తో రాస్తోంది. నాకు ఇంకా చూపించలేదు.

రాజోలు_దారి

ఏడిపించేశారు.

లంక_మామిడి

కథ చంపమంటే చంపాలి అని ఎంత తేలిగ్గా అనేశాను. మీ అక్కకి నా క్షమాపణ చెప్పండి.

మూడోతరం_అత్తగారు

చూపించేదాకా అడగకు. ఈసారి అదే పద్ధతి.

కోర్టు_మెట్లు

చాలా సంతోషం. పని మాట ఒకటి. ఐఎస్‌బిఎన్ దరఖాస్తు ఇప్పటికే మీ ఒక్కరి పేరుతో పెట్టి ఉంటే అచ్చుకి ఇవ్వకముందే సరిచేయించుకోండి. అట్ట మీద, లోపలి పేజీలో, దరఖాస్తులో పేర్లు ఒకేలా ఉండాలి. ఒప్పందంలో మాత్రం ఆవిడ ఆధార్‌లో ఉన్న పేరు రాసి, ఫలానా పేరుతో రచనలు చేస్తారని చేర్చండి. నాన్నగారి కథల మాట కూడా ముందుమాటలో రాయండి.

గౌతమి_గట్టు

దరఖాస్తు ఇంకా పెట్టలేదు. ఒప్పందం నిన్న రాత్రి ఇద్దరం కూర్చుని రాసుకున్నాం, సగం సగం. ఎనిమిదో చెల్లెలి మీద వేరే కథ ఎప్పుడు రాసినా అది అక్కది మాత్రమే అని నేనే ఒక వాక్యం చేర్చాను.

భీమారం_కాలవ

కొబ్బరాకు గారూ, ఫోన్ చేశాను. మొదటిసారి ఎత్తలేదు. రాత్రి వాడే చేశాడు. నవల మాట ఇద్దరం ఎత్తలేదు. కొల్లేరులో నీళ్ళు ఎలా ఉన్నాయి అని అడిగాడు.

కొబ్బరాకు

చాలు. అక్కడి నుంచి వస్తుంది. గౌతమి_గట్టు గారూ, కృతజ్ఞతల్లో రాస్తే సరిపోతుందన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. నాకో కాపీ, ఇద్దరి సంతకాలతో.

గౌతమి_గట్టు

డెల్టా_డిటిపి గారూ, ఒక సాయం కావాలి. మీరు చెప్పినట్టు వెతికి 336కి తెచ్చాం. ఇప్పుడు అక్క వాళ్ళ నాన్నగారికి అంకితం పేజీ ఒకటి వేయాలి. మళ్ళీ 337 అవుతోంది. ముందుమాట ఇప్పటికే ఇరుకుగా ఉంది.

డెల్టా_డిటిపి

ఫైలు పంపండి, చూస్తాను. రాత్రి మాట్లాడతా.

డెల్టా_డిటిపి

చూశాను. పదకొండో అధ్యాయం చివర నాలుగు లైన్లు మాత్రమే కొత్త పేజీలో పడ్డాయి. దాని ముందు పేజీలో ఒక సంభాషణ ఉంది, పంటు మీద తాతా మనవరాలూ మాట్లాడుకునేది. అందులో నాలుగు లైన్లు తగ్గితే అంకితానికి పేజీ వస్తుంది. ఏ నాలుగు లైన్లో నేను చెప్పను, అక్కగారిని అడగండి.

గౌతమి_గట్టు

అడిగాను. తాతవి ఒక్క మాట కూడా తీయనివ్వలేదు. మనవరాలివి నాలుగు లైన్లు కొట్టేసింది. "అక్కడ అది వింటుంది, మాట్లాడదు" అంది. ఇప్పుడు సరిగ్గా 336. రేపు పంపుతున్నాను.